చేతులు ఆనించకుండా లేవగలరా?

నవంబరు వచ్చిందంటే మా సిల్తారా బ్రాంచిలో పెన్షనర్ల సందడి మొదలవుతుంది. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ధర్సీవా వైపు పల్లెల నుంచి రిటైరైన టీచర్లు, పోలీసులు, ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే పెద్దమ్మలు వస్తారు. అరిగిపోయిన వేలిముద్ర మెషీన్‌లో పడేదాకా నా టేబుల్ ఎదురుగానే కూర్చుంటారు. ఇక్కడ మూడు నవంబర్లు చూశాను. పనైపోయాక వాళ్లు కుర్చీలోంచి ఎలా లేస్తారన్నది గమనించడం నాకు అలవాటైంది. మొదటి ఏడు మామూలుగా లేచి నమస్తే చెప్పి వెళ్లిన పెద్దాయన, రెండో ఏడు రెండు చేతులూ కుర్చీ పిడుల మీద ఆనించి, ఒకసారి ముందుకు ఊగి లేచారు. మూడో ఏడు మనవడు చంకల కింద చెయ్యి వేసి లేపాడు. మేం తీసుకునే సర్టిఫికెట్ మనిషి బతికున్నాడని చెబుతుందే గాని ఈ సంగతి చెప్పదు.

ఈ గమనింపు వెనక మా ఇంటి కథ ఒకటుంది. మా అమ్మకు 72 ఏళ్లు. పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందు విజయనగరంలో, బాత్రూం గడప దగ్గర జారి పడింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. కొన్నాళ్లు రెస్టు తీసుకోమన్నారు. నేను వెళ్లి సిల్తారా తీసుకొచ్చేశాను. ఆ 'కొన్నాళ్లు' అన్న మాటను నెలన్నర చేసింది నేనే. కాఫీ మంచం దగ్గరికే, భోజనం మంచం దగ్గరికే. ఆవిడ లేవబోతే "నువ్వు కదలకమ్మా" అని కేకలేసేవాణ్ణి. మా ఆవిడ రెండుసార్లు వద్దని చెప్పింది, వినలేదు. ఫిబ్రవరి చివర ఒకరోజు అమ్మ బాత్రూంలో కమోడ్ మీద నుంచి లేవలేకపోయింది. నన్ను పిలవడానికి సిగ్గుపడి, మా ఆవిడ కూరగాయలకు వెళ్లి తిరిగొచ్చేదాకా పావుగంట అలాగే కూర్చుంది. దెబ్బ తగిలింది నడుముకి. పోయింది తొడల్లో బలం.

ముప్పై దాటాక మన కండరం మెల్లగా తగ్గుతూ వస్తుంది. ముందుగా తగ్గేవి వేగంగా పనిచేసే కండర పోగులు. కాలు జారినప్పుడు రెండో కాలు చటుక్కున ముందుకు వేసి మనల్ని నిలబెట్టేవి అవే. అందుకే పెద్దవాళ్లు తూలడం వేరు, పడటం వేరు కాకుండా పోతుంది. మంచాన పడుకుంటే ఈ తరుగుదల ఎన్నో రెట్లు పెరుగుతుంది. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కొందరు పెద్దవాళ్లను పది రోజులు మంచం మీద ఉంచి చూశారు. పదంటే పదే రోజుల్లో ఒక్కొక్కరి కాళ్లలో సగటున కిలోకి దగ్గరగా కండ కరిగిపోయింది. మా అమ్మను నేను నలభై ఐదు రోజులు ఉంచాను. డిపాజిట్ వెయ్యకుండా రోజూ విత్‌డ్రా చేస్తే ఖాతా ఏమవుతుందో మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

డాక్టరు గారి సలహాతో రాయపూర్ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి వారానికి మూడు రోజులు ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఫిజియోథెరపీ అంటే నడుముకి కరెంటు పెట్టడం, మైనం కాపడం పెట్టడం అనే నేనూ అనుకున్నాను. ఆ అమ్మాయి ఏ మెషీనూ తేలేదు. మా డైనింగ్ కుర్చీ ఒకటి లాగి గోడకు ఆనించింది, దాని మీద రెండు దిళ్లు వేసింది. అమ్మను కూర్చోబెట్టి చేతులు గుండెల మీద కట్టుకుని లేవమంది. అంతే వైద్యం! నాకు ఫీజు దండగనిపించిన మాట దాచను. కరెంటు, కాపడం నొప్పికి ఉపశమనం ఇస్తాయి, కాదనను. కానీ బలం రావాలంటే కండరం పని చెయ్యాలి, దాని బదులు మెషీన్ చెయ్యలేదు.

అమ్మకు హిందీ రాదు, ఆ అమ్మాయికి తెలుగు రాదు. వారం తిరిగేసరికి ఆవిడ 'ఉఠియే' నేర్చుకుంది, ఈ అమ్మాయి 'కూచోండి' నేర్చుకుంది. ఎనిమిదిసార్లు లేచి కూర్చోవడం, కాస్త ఆగడం, మళ్లీ ఎనిమిది. తేలికైపోగానే ఒక దిండు తీసేసేది. పది రోజులకు రెండోదీ పోయింది. ఫిజియోథెరపీ మొత్తంలో నాకు నచ్చిన సూత్రం ఇదే. సుఖంగా అయిపోతున్న పనిని కొంచెం కష్టం చెయ్యడం. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, గోడ పక్కన ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడటం చేర్చింది. ఈ నిలబడటం బ్యాలెన్స్ కోసం. మొదట్లో మోకాళ్లు నొప్పి అంది అమ్మ. కొద్దిపాటి నొప్పి మర్నాటికి తగ్గిపోతే పర్వాలేదు, వాపు వచ్చినా మర్నాడు ఎక్కువైనా తగ్గించి చెయ్యాలి అని చెప్పింది. గుండెల్లో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం అనిపిస్తే మాత్రం అక్కడికక్కడే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఈ వయసులో కండ వస్తుందా అని మీకూ అనుమానం రావచ్చు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. పూర్తి చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో! మా అమ్మ ఈ లెక్క విని, "అయితే నేనింకా చిన్నపిల్లనే" అంది.

ఇంట్లో ఎవరైనా చూసుకోగల పరీక్ష ఒకటి ఆ అమ్మాయి చెప్పింది. చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. చేతులు ఆనిస్తే సున్నా. 60 నుంచి 64 ఏళ్ల మధ్య మగవాళ్లకు 14, ఆడవాళ్లకు 12 కంటే తగ్గకూడదు. 70 నుంచి 74 మధ్య అయితే 12, 10. కుర్చీ గోడకు ఆనించి, పక్కన ఒకరు నిలబడి చేయించాలి. మార్చిలో అమ్మకు వచ్చింది సున్నా. సరదాగా నేనూ కూర్చున్నాను. నా వయసు 47. వచ్చింది 13. అరవై ఏళ్ల మగవాడికి ఉండాల్సిన దానికంటే ఒకటి తక్కువ. ఎంబీఏ చదివినవాణ్ణి కదా, ఆ రాత్రే ఎక్సెల్ షీటు తెరిచాను.

నాలాంటి వాడికి ఈ అంకె రావడంలో వింతేం లేదు. 1953లో లండన్ డాక్టరు జెరెమీ మోరిస్ డబుల్ డెక్కర్ బస్సుల మీద చేసిన పరిశీలన ప్రచురించారు. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. అదే కంపెనీ, అవే బస్సులు. మా బ్రాంచిలో నేను డ్రైవర్ని, ఫైళ్లు మోసే మా సబ్‌స్టాఫ్ కండక్టరు. ఇప్పుడు ఫైలు కావాలంటే నేనే లేచి వెళ్తున్నాను. మొదట్లో ఆయన నొచ్చుకున్నాడు, ఏదో తప్పు చేశాననుకుని.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటిది, రెండు రోజులు బలం పెంచే వ్యాయామం చెయ్యాలని, 65 దాటినవాళ్లు మూడు రోజులైనా బ్యాలెన్స్ మీద దృష్టి పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మనం నడక ఒక్కటి పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తాం. సిల్తారాలో నడకకూ చిక్కే. చుట్టూ స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, ఉదయం తుడిచిన వరండాలో సాయంత్రానికి నల్లటి పొడి. చలికాలం తెల్లవారుజామున పొగ నేలబారుగా నిలిచిపోతుంది. ఐదింటికే లేచి వాకింగ్‌కి వెళ్లే ఉత్సాహవంతులు, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్లు, ఎండ పొడ వచ్చాక వెళ్లడం మేలు. మే నెలలో ఎండ వల్ల అదీ కుదరదు. అప్పుడు కుర్చీ, గోడ, వంటింటి గట్టు ఉండనే ఉన్నాయి.

తిండి దగ్గర అమ్మతో పెద్ద పోరాటమే జరిగింది. శనివారం ఒంటిపూట, రాత్రిళ్లు రెండిడ్లీలు. వ్యాయామం పని పెడుతుంది గాని కండకు సరుకు ప్రోటీనే కదా. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. అమ్మ బరువు 58 కిలోలు, అంటే 48 గ్రాములు. గుడ్డు ముట్టదు. ముద్దపప్పు కాస్త ఎక్కువ, మధ్యాహ్నం గడ్డ పెరుగు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి ఇడ్లీ బదులు పెసరట్టు దగ్గర రాజీ కుదిరింది. శనివారం మాత్రం మారలేదు, నేనూ పట్టుబట్టలేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ప్రోటీన్ పెంచకూడదు.

మే చివరికి అమ్మ అంకె 7, దసరాకు 10. ఇంకా మెట్లు దిగేటప్పుడు ఎడం చెయ్యి రెయిలింగ్ వదలదు, తడి నేల చూస్తే ఆగిపోతుంది. ఆ భయం కాళ్లంత త్వరగా బాగుపడలేదు. నాది ఇప్పుడు 17. రాత్రి ఎనిమిదింటికి ఇద్దరం ఎదురెదురు కుర్చీల్లో కూర్చుంటాం. నా లెక్క అమ్మే పెడుతుంది. సగం లేచి కూర్చుంటే ఒప్పుకోదు, "అది చెల్లదు, మళ్లీ" అంటుంది.