ఛాయాగ్రాహకుని దినచర్య

ఛాయాగ్రాహకుడనగానే మన కన్నులయెదుట మెదలు దృశ్యమొకటి కలదు. మూడుకాళ్ల స్టాండుపై కెమెరా, దానిపై నల్లని గుడ్డ, ఆ గుడ్డలో తలదూర్చిన మనిషి, “కదలకండి” అను హెచ్చరిక, పిమ్మట టిక్కుమను చిన్న శబ్దము. అంతటితో పని ముగిసినదని తలచి ఎదుట కూర్చున్నవారు లేచి తలుపువైపు నడతురు. కాని ఫొటోగ్రాఫరు పనిలో ఆ శబ్దమునకు ముందు జరుగునది కొంత, దాని తరువాత జరుగునది మిక్కిలి. లోకమునకు కనబడునది ఆ నడిమి క్షణము మాత్రమే. కనబడని తక్కిన భాగమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే నా ఉద్దేశము.

నేనీ వృత్తిలో అడుగిడినది 1972లో. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణము. బస్సులు నిలుచు చోటికి ఎదురుగా మా గురువుగారి స్టూడియో. ముందుగదిలో గోడలకు తగిలించిన పటములు, ఒక నిలువుటద్దము, దువ్వెన, పౌడరు డబ్బా, లేనివారికొఱకు ఒక కోటు, ఒక టై. లోపలి గదిలో రంగులతో వ్రాసిన తెర. ఆ తెరపై పూలతోట, పాలరాతి మెట్లు, దూరమున ఒక మేడ. ఆ గదికి ఉత్తరపు దిక్కున పెద్ద అద్దాల కిటికీ ఉండెను.

ఉత్తరపు కిటికీయే ఏల యని నేను మొదట ఆశ్చర్యపడితిని. సంవత్సరములో అధికభాగము సూర్యుడు మనకు దక్షిణముగా నడచును. అందువలన ఉత్తరపు కిటికీనుండి ఎండ నేరుగా పడదు. ఆకాశపు వెలుగు మాత్రమే మెత్తగా లోనికి వచ్చును. ఆ వెలుగులో ముఖముపై నీడలు కరకుగా నుండవు, కన్నులు చిట్లవు. మే మొదలుకొని ఆగస్టు తొలినాళ్లవఱకు మాత్రము మధ్యాహ్నపు సూర్యుడు మా ఊరికి ఉత్తరముగా జరుగును. ఆ దినములలో కిటికీకి పలుచని తెల్లని పంచె కట్టుచుంటిమి. విద్యుద్దీపములు లేక కాదు. పగటి వెలుగునకు ఖర్చు లేదు, కరెంటు పోవునను భయమును లేదు.

ఉదయమున స్టూడియో తెఱచినది మొదలు వచ్చువారు పలువిధములవారు. ఉద్యోగపు దరఖాస్తునకు ఫొటో కావలసిన యువకుడు, పెండ్లిసంబంధమునకు పంపుటకై కూతును వెంటబెట్టుకొని వచ్చిన తండ్రి, ఏడాది నిండిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లి, కొత్తబట్టలలో ముడుచుకొని నిలుచున్న నవదంపతులు. దరఖాస్తు ఫొటోలో అందము అక్కరలేదు, ముఖము స్పష్టముగా తెలిసిన చాలును. పసిబిడ్డయెదుట వేగము కావలెను. వృద్ధులయెదుట ఓర్పు కావలెను. ఫొటో తీసినచో ఆయువు తగ్గునని నమ్మిన ముసలివారు ఆనాడు మా ప్రాంతమున అరుదు కారు. అట్టివారిని ముందు కూర్చుండబెట్టి, వానలను గూర్చియు పంటలను గూర్చియు మాటలాడి, వారు కెమెరాను మరచిన వేళ మీట నొక్కవలెను. మా గురువుగారు కెమెరా చేత పట్టుటకు ముందు పెద్దలకు మంచినీళ్లిచ్చెడివారు. అదియు పనిలో భాగమేనని నాకు తరువాత తెలిసినది.

ఇక చీకటిగది సంగతి. ఫిల్ముపై పూసిన జిలాటిను పొరలో వెండి లవణములుండును. వెలుగు తగిలినచోట వానిలో సూక్ష్మమైన మార్పు కలుగును గాని కంటికేమియు కనబడదు. ఆ ఫిల్మును డెవలపరు ద్రావకములో ముంచినపుడు వెలుగు తగిలిన లవణము నల్లని వెండిగా మారును. వెలుగు తగులని లవణమును హైపో అను మఱియొక ద్రావకము కరగించి తొలగించును. హైపోకు ఈ గుణము కలదని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొనెను. 1839లో ఫొటోగ్రఫీ లోకమునకు వెల్లడియైనపుడు చిత్రములను స్థిరపఱచుటకు ఆ గుణమే అక్కఱకు వచ్చినది. హైపో పిమ్మట నీరు. ఆ హైపో అంతయు పోవువఱకు కడుగవలెను. కడిగి ఆరవేసిన నెగెటివునుండి కాగితముపై ప్రింటు వేయవలెను. ఆ కాగితమునకు మరల డెవలపరు, మరల హైపో, మరల నీరు.

కాగితము పని ఎఱ్ఱదీపపు వెలుగులో సాగును. అన్ని రంగులను గ్రహించు ఫిల్మునకు ఆ దీపమును పనికిరాదు. కటికచీకటిలో వేళ్ల స్పర్శతోనే పని జరుగవలెను. అన్నిటికంటె కష్టము ఎండకాలము. డెవలపరునకు 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగినదని డబ్బామీద వ్రాసియుండును. మా ఊరి కుండలోని నీరు మే నెలలో 30 డిగ్రీలకు తగ్గదు. వేడినీటిలో జిలాటిను మెత్తబడి అంచులు లేచును, ఒక్కొక్కసారి పొరయంతయు ముడుతలు పడును. అందువలన పెద్ద పళ్లెములో మంచుగడ్డలు పోసి, వాని నడుమ ద్రావకపు పళ్లెము నుంచి, తెల్లవారుజామున మూడు గంటలకు పని మొదలిడుచుంటిమి. ఊరు మేల్కొనునప్పటికి మా సగము పని ముగిసెడిది.

ప్రింటు వేయుటకు ముందు రీటచింగు అను మఱియొక పని కలదు. ఏటవాలు బల్లమీద గరుకుటద్దమునకు వెనుక వెలుగుంచి, దానిపై నెగెటివు నమర్చి, సూదిమొనవలె చెక్కిన పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు పెట్టుదురు. నెగెటివులో నలుపు తెలుపుగాను, తెలుపు నలుపుగాను కనబడును. కంటిక్రింది ముడుత, మొటిమ నీడ అందు తెల్లగా నుండును. అచ్చట పెన్సిలుతో నింపినచో ప్రింటులో ఆ నీడ మాయమగును. ఇది నేర్చుకొనుటకు నాకు రెండేండ్లు పట్టినది. ఎంత తుడువవలెనో నేర్చుకొనుటకంటె, ఎచ్చట ఆపవలెనో నేర్చుకొనుట కష్టము.

మన దేశము మశూచినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడినది 1977లో. నేను పని నేర్చుకొను దినములలో ముఖముపై స్ఫోటకపు మచ్చలున్న యువతీయువకులు తఱచుగా వచ్చుచుండిరి. ఒక తండ్రి తన కూతురి ఫొటోలో మచ్చలన్నియు తీసివేయవలసినదని కోరెను. గురువుగారు ఒప్పుకొనలేదు. “మొటిమ రేపటికి పోవును, దానిని తీయుదును. మచ్చ అమ్మాయితో అత్తవారింటికి వెళ్లును. ఈ పటము చూచి వచ్చినవారు అమ్మాయిని చూచి వెనుకకు మరలినచో ఆ అవమానము ఎవరిది?” అని అడిగెను. ఆ తండ్రి కోపించి మఱియొక స్టూడియోకు పోయెను. ఆనాడు మాకు పోయినది నాలుగు రూపాయల బేరము. గురువుగారు ఆ దినమున మఱి మాటలాడలేదు. మెత్తని వెలుగులో, అనుకూలమైన ప్రక్కనుండి తీసి మచ్చల లోతు తగ్గించుట న్యాయమే. లేని ముఖమును కల్పించుట న్యాయము కాదు. నేడు కంప్యూటరులో ఈ పని నిమిషములో ముగియుచున్నది. ఎచ్చట ఆపవలెనను ప్రశ్న మాత్రము పెన్సిలునాడు ఎట్లుండెనో నేడును అట్లే యున్నది.

పెండ్లిపని ఈ వృత్తికి జీవనాధారము. 120 ఫిల్ము చుట్టలో చదరపు చిత్రములు 12 మాత్రమే వచ్చును. ఫ్లాష్ బల్బు ఒకసారి వెలిగినచో మఱల వెలుగదు. కావున ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క బల్బు. దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతునకు తగ్గును. అందువలన పది అడుగుల దూరమున లెన్సు ద్వారమును 11 అంకెకు పెట్టినచో, ఇరువది అడుగులకు 5.6 అంకెకు తెఱవవలెను. ఈ లెక్కను జనసమ్మర్దములో, నిద్ర లేని కన్నులతో, మనసులోనే చేసికొనవలెను. పురోహితుడు మంత్రము ముగించు తీరును, గట్టిమేళమునకై ఎత్తిన చేతిని కనిపెట్టి, ఫొటోగ్రాఫరు ముందుగనే చుట్ట మార్చుకొని తన చోట నిలువవలెను. గట్టిమేళము మ్రోగిన వెంటనే అందరును అక్షతలతో లేచి నిలుచుందురు. మాంగల్యధారణము మఱల జరుగదు. తప్పిపోయిన చిత్రమునకు సమాధానము లేదు.

ఇట్టి పెండ్లియొకటి నాకు జీవితకాలపు పాఠము నేర్పినది. 1979 వైశాఖములో వరుసగా ముహూర్తములు. బావులు ఎండినవి. స్టూడియోకు నీరు బిందెలలెక్కన కొనవలసివచ్చినది. గురువుగారు ఊర లేరు. ప్రింట్లను పాఱునీటిలో గంటసేపు కడుగవలెనని తెలిసియు, నేను నాలుగు మాఱులు నీరు మార్చి ఆరవేసితిని. అప్పుడవి తెల్లగా, నిగనిగలాడుచు నుండెను. ఆల్బము పుచ్చుకొనినవారు మెచ్చుకొనిరి కూడ. ఆఱేండ్లకు ఆ పెండ్లికూతురే ఆల్బము పట్టుకొని వచ్చెను. కాగితపు పీచులో మిగిలిన హైపో నెమ్మదిగా వెండిని తినివేసినది. చిత్రములు పసుపువన్నెకు తిరిగి, ముఖములు వెలిసిపోయినవి. అందు కన్యాదానము చేయుచున్న ఆమె తండ్రి అప్పటికి లేడు. ఆయనకు వేఱు ఫొటోయును లేదు. ఆమె నన్ను నిందింపలేదు. “మా నాయన ముఖము మఱల వచ్చునా?” అని మాత్రమడిగెను.

నన్ను రక్షించినవి రెండు. కాగితమువలె ఫిల్ము హైపోను పీల్చుకొనదు. కావున కొద్ది నీటిలోనే నెగెటివు శుభ్రపడియుండెను. రెండవది గురువుగారి రిజిస్టరు. ప్రతి నెగెటివునకు ఒక అంకె, అంకెకు ఎదుట తేదీ, పేరు. ఆ అంకె పట్టుకొని పెట్టెలో వెదకగా అరగంటలో దొరికినది. ఆ రాత్రియంతయు ప్రింట్లు వేసి, తెల్లవారువఱకు కడిగితిని. డబ్బు పుచ్చుకొనలేదు. పుచ్చుకొనుటకు నాకు హక్కును లేదు.

నెగెటివులను దాచుటవలన ఏమి నిలుచునో తెలియుటకు హైదరాబాదులోనే గొప్ప నిదర్శనము కలదు. 1844లో మీరటు సమీపమున సర్ధనాలో జన్మించిన రాజా దీన్‌దయాళ్ ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. ఆయనకు సికింద్రాబాదులో స్టూడియో ఉండెను. ఘోషా స్త్రీలకొఱకు 1892లో ఆయన హైదరాబాదున ప్రత్యేకమైన స్టూడియో నెలకొల్పి, దాని పర్యవేక్షణమును ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. ఆయన 1905లో మరణించెను. ఆయన స్టూడియో గాజు నెగెటివులు రెండువేలకు మించి నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. ఆనాటి హైదరాబాదు కోటలను, దర్బారులను, మనుష్యులను మనము చూడగలుగుచున్నామనిన, పగులక మిగిలిన ఆ గాజుపలకలు మనకు చేసిన ఉపకారము గొప్పది.

చిన్న ఊళ్ల స్టూడియోల నెగెటివులకు ఆ భాగ్యము కలుగలేదు. రంగుల లాబులు వచ్చినపిమ్మట కొన్ని, 2000 తరువాత డిజిటలు కెమెరాలు వ్యాపించినపిమ్మట పెక్కు స్టూడియోలు మూతబడినవి. నలుపుతెలుపు నెగెటివులో నల్లగా కనబడునది వెండియే గనుక పాతసామానులవారు వానిని తూకమునకు కొనిరి. అద్దె కట్టలేనివాడు అమ్మక ఏమి చేయును? వానినుండి తీసిన వెండి కొద్దిపాటిది. దానితో కరగిపోయిన ముఖములకు మాత్రము లెక్క లేదు.

నేటి ఫొటోగ్రాఫరు ఒక్క పెండ్లిలో వేలకొలది చిత్రములు తీయుచున్నాడు. అతనికి మంచుగడ్డలతో పని లేదు, బల్బులతో పని లేదు. కాని కంప్యూటరు డిస్కు చెడినచో ఆ వేలును ఒక్క క్షణములో పోవును. కావున వానిని రెండు ప్రతులుగా, రెండు వేఱు చోట్ల ఉంచుట, తేదీయు పేరును వ్రాసియుంచుట, ముఖ్యమైనవానిని కాగితముపై వేసి ఇచ్చుట నేటి చీకటిగది పని. అది కనబడని పనియే, కూలి లేని పనియే. అయినను మా వృత్తికి మూలము అదియే.

ఇంటివారు చేయవలసినదియు కొంత కలదు. పాత ఫొటోలను చెమ్మ తగులనిచోట ఉంచుడు. జిగురుపుటల ఆల్బములలో అంటింపకుడు. నెగెటివులు దొరకినచో పాఱవేయకుడు. ప్రతి పటము వెనుక మెత్తని పెన్సిలుతో అందున్నవారి పేర్లు వ్రాయుడు. ఆ పేర్లు చెప్పగల పెద్దలు ఇంటిలో నున్నచో ఆ పని నేటి సాయంకాలమే చేయుట మంచిది.