లాకుల వెంట ఆఱు పడవలు

గోదావరి మండలమున పుట్టిన మాకు లాకు అను మాట క్రొత్తది కాదు. ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని 1852 నాటికి ముగించిన కాటనుదొర, కాలువలను పైరుల కొఱకే గాక పడవల కొఱకును ఉద్దేశించెను. మా నాయనమ్మగారు కాపురమునకు వచ్చినది పడవమీదనే యని చిన్ననాట పలుమాఱు వింటిమి. అయినను పడవలో కూర్చుండి లాకు దిగు భాగ్యము మాకు స్వదేశమున కలుగలేదు. అది 2024 మే నెలలో ఇంగ్లండు దేశమున కలిగినది. సోదరీమణులారా, ఆ మూడు దినముల ప్రయాణమునే మీకు విన్నవించుచున్నాము.

బర్మింగుహాము నగరమున మా అన్నగారు కాపురముండుటచేత, మావారి బడికి వేసవి సెలవు లిచ్చినంతట మేమిరువురము అచ్చటికి పోయితిమి. అన్నగారి పొరుగున వృద్ధదంపతులు కలరు. ఆయన బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. మావారికిని ఆయనకును రెండవ దినముననే స్నేహము కుదిరెను. పంతుళ్ళకు దేశభేదము లేదు; లెక్కలు రాని పిల్లల ప్రస్తావన వచ్చిన చాలును. ఆ దంపతులకు స్వంతపడవ యొకటి కలదు. ఏటేట ఎండలు కాయ నారంభించగానే, పడవలు గల మిత్రులతో కలిసి గుంపుగా బయలుదేరుట వారి యలవాటు. ఈ మాఱు మమ్మునుగూడ రమ్మనిరి.

బయలుదేరు ముందు వదినగారు మమ్ము వంటయింటిలోనికి పిలిచి, “ఇదే వారి కడపటి యాత్ర కావచ్చునమ్మా. ఆయన చూపు మందగించినది. తిరిగి రాగానే పడవ నమ్మివేయవలెనని యనుకొనుచున్నారు. నీవు మాత్రము ఎత్తకుము” అని చెప్పెను.

పడవ పొడవు 57 అడుగులు. వెడల్పు 7 అడుగులకు లోపే. అచ్చటి సన్నకాలువల లాకులే 7 అడుగులవి కావున అంతకు మించుటకు వీలులేదు. రైలుపెట్టెను నీటిమీద నిలిపినట్లుండును. అందులోనే పడక, పొయ్యి, గిన్నెలు కడుగు తొట్టి, స్నానపుగది. మంచినీరు ముందుభాగమున నున్న తొట్టిలో నిలువ యుంచుకొని, గట్టున కొళాయి కనబడినచోట నింపుకొందురు. ఆ యిల్లాలు చెంబెడు నీటితో నలుగురి గిన్నెలు కడిగిన తీరు చూచి, కొళాయి విప్పి మఱచిపోవు అలవాటు గల మాకు సిగ్గు కలిగెను. వేగము గంటకు 4 మైళ్ళకు మించరాదు. గట్టున కుక్కను త్రిప్పుకొను ముసలివారు మమ్ము దాటిపోవుచుండిరి.

పూర్వము చుక్కాని పట్టువారు ఆయనయే. ఇప్పుడు ఎదుటి వస్తువు అంచులు కనబడును గాని నడిమిభాగము మసక. కావున 68వ యేట ఆమె చుక్కాని నేర్చుకొనెను. లాకు పని ఆయన తీసికొనెను. మాకును ఒక గంటసేపు చుక్కాని యిచ్చిరి. దాని కఱ్ఱను ఎడమకు నెట్టిన పడవ కుడికి పోవును. ఇది మాకు తెలియని విద్య కాదు. ఇంటిలో కొన్ని పనులు ఈ విధముగనే జరుపుకొనుచుందుము. అయినను రెండుమాఱులు గట్టును గ్రుద్దితిమి.

ఆఱు పడవలు కింగ్సువుడ్ అనుచోట కలిసికొన్నవి. అచ్చటినుండి స్ట్రాట్‌ఫర్డు ఊరికి 13 మైళ్ళు. నడుమ ముప్పదికి పైగా లాకులు. లాకన్నది రాతితో కట్టిన ఇఱుకైన తొట్టి. పడవ లోనికి ప్రవేశించగానే వెనుక తలుపు మూయుదురు. దిగువ తలుపులలోని తూముపలకలను ఇనుపపిడితో త్రిప్పి లేపగా నీరు పోవును. నీటితోపాటు పడవయు దిగును. ఒక్కమాఱు ఒక్క పడవయే పట్టును. కావున ఆఱు పడవలు దిగవలెనన్న తొట్టిని ఆఱుమాఱులు నింపి ఆఱుమాఱులు వదలవలెను. ముందు దిగినవారు తమ దారిని తాము పోవుదురా యన్న, పోరు. ఒకరు నిలిచి వెనుకవారికి తలుపు తీయుదురు. ఒకరు సైకిలుమీద ముందు లాకునకు పోయి నీరు నింపి యుంచుదురు. ఎవరును ఎవరికిని చెప్పినట్లు కనబడదు. పెండ్లివారింట వడ్డనకు లేచు ఆడువారివలె ఎవరి పని వారికి తెలియును.

మొదటి రాత్రి లోసన్‌ఫర్డు వద్ద ఆగితిమి. అచ్చట లాకుకాపరి కొఱకు పూర్వము కట్టిన యిల్లు కలదు. పైకప్పు పీపాను సగముగా కోసి బోర్లించినట్లుండును. తొమ్మిది గంటలైనను వెలుగు పోలేదు. వదినగారింట రుబ్బి తెచ్చుకొన్న మినపపిండితో, పడవలోని సన్నని మంటమీద దిబ్బరొట్టె కాల్చితిమి. మనము పానకముతో తినుదానిని వారు పండ్లమురబ్బాతో తిని, అయిదు పడవలనుండి మఱల గిన్నెలు పంపిరి.

అప్పుడు ఆ పంతులుగారు ఆ కాలువ కథ చెప్పిరి. 1793లో ఆరంభించి 1816లో ముగించినదట. రైళ్ళు వచ్చిన పిమ్మట సరకు తగ్గి, నాచు పెరిగి, లాకు తలుపులు కుళ్ళెను. రోల్టు అను నాయన తన భార్య ఏంజెలాతో 1939లో పడవలో కాపురము పెట్టి, కాలువలు తిరిగి, 1944లో దానినిగూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. అది చదివినవారు కొందఱు ఆయనతో చేరి 1946లో కాలువల రక్షణకు సంఘము పెట్టిరి. ఈ కాలువ ఉత్తరభాగమున ఒక వంతెన పడవకు అడ్డముగా తక్కువ యెత్తున నుండగా, 1947లో రోల్టు తాను వచ్చుచున్నానని ముందుగా తెలియజేసెను. పడవకు దారి యియ్యవలెనని చట్టము. కంపెనీవారు వంతెనను పైకెత్తక తప్పలేదు.

మేము పోవుచున్న దక్షిణభాగమును 1958లో మూసివేయ నిశ్చయించిరి. దానిని ఎవరును వాడుట లేదనిరట. అప్పుడు చిన్న దోనెలో పోయినవారు సుంకము చెల్లించిన చీటీ సాక్ష్యముగా బయటపడెను. మఱుసటి యేడు మూయు ప్రయత్నము నిలిచెను. 1961 మొదలు స్వచ్ఛందముగా వచ్చినవారును, సైనికులును, కారాగృహమునుండి వచ్చినవారును బురద తీసి తలుపులు నిలిపిరి. 1964 జూలైలో రాజమాత వచ్చి దానిని తెఱచెను.

“పడవ పోవుట మానినయెడల దారి పోవును. మేము గుంపుగా తిరుగుట వినోదమే, కాదనను. కాని ఆ చీటీని మఱువము” అని ఆయన, “మీ దేశమున కాటను త్రవ్వించిన కాలువలలో పడవలు తిరుగుచున్నవా?” అని మావారి నడిగిరి. కాకినాడలో ఎక్కినవారు ఏలూరు కాలువ, కృష్ణ, కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువ మీదుగా చెన్నపట్టణము వఱకు పోయిన కాలమునుగూర్చి మావారు చెప్పిరి. ఆ దారిని 2008లో జాతీయ జలమార్గముగా ప్రకటించిరనియు చెప్పిరి. “మీరు పోయితిరా?” అని ఆయన మఱల అడిగిరి. లేదనుటకు మాకు కొంచెము సేపు పట్టెను.

రెండవనాటి ఉదయము జరిగినది తలచుకొన్న నిప్పటికిని గుండె కొట్టుకొనును. లాకు ఎగువ తలుపు క్రింద రాతిగడప యొకటి లోనికి చొచ్చుకొని యుండును. నీరు నిండియుండగా కనబడదు. పడవ వెనుకభాగము దానిమీద చిక్కినచో, నీరు తగ్గుకొలది ముందుభాగము దిగిపోయి పడవ మునుగును. మనము గడపకు పసుపు పూయుదుము. వారు ఆ గడప హద్దు తెలియుటకు గోడమీద తెల్లరంగు గీత గీయుదురు. ఆమె చుక్కానివద్ద నుండగా, మేము ప్రక్కన నిలిచి, ఏమి తోచక, మీ పిల్లలు ఎచ్చట నున్నారని అడిగితిమి. ఆమె మావైపు తిరిగి చెప్పుచుండెను. పడవ మెల్లగా వెనుకకు జరిగెను. గఱ్ఱుమని రాతికి ఇనుము తగిలిన చప్పుడు, లోపల కప్పులు దొరలి పగిలినవి, నేల వాలెను. వెనుక పడవనుండి ఒక స్త్రీ కేక వేసెను. దిగువ తలుపువద్దనున్న ఆయనకు మేము కనబడము. కాని ఆ గఱ్ఱుమన్న శబ్దము వినినంతనే, కేకకు ముందే, తడవికొని తూముపలకను దింపివేసిరి. ఎదుటి గట్టునున్న యువకుడు రెండవదానిని దింపెను. పిమ్మట ఎగువనుండి మెల్లగా నీరు వదలగా పడవ తేలెను.

తప్పు మాది. ఆ మాట చెప్పితిమి. ఆమె వినిపించుకొనలేదు, “నేను చూడవలసినది” అని మాత్రము అనెను. ఆ దినమంతయు మాటలాడలేదు. ఎడ్‌స్టోను వద్ద 475 అడుగుల ఇనుపతొట్టిలో, పొలములమీదుగా, రైలుదారిమీదుగా పడవ పోయినది. గట్టుదారి తొట్టి యడుగు మట్టమున నుండుటచే నడచువారి తలలు నీటి ప్రక్కన కదలుచుండెను. అంతటి వింతయు ఆనాడు మాకు రుచింపలేదు.

రాత్రి విల్‌మ్‌కోటు వద్ద ఆగినప్పుడు ఎవరును ఆ సంగతి యెత్తలేదు. కాని మఱునాడు 11 లాకులు వరుసగా దిగవలసియుండగా, తెల్లవాఱుసరికి ముందుదినము కేక వేసిన స్త్రీ వచ్చి ఆమె ప్రక్కన నిలిచెను. తన పడవను మగనికి విడిచి వచ్చినదట. ప్రతి లాకులోను తెల్లగీతవైపు చూచి, “బాగున్నది” అనుట దాని పని. అంతకు మించి మాటలాడలేదు. మేమును నోరు మూసికొని కూర్చుంటిమి. మధ్యాహ్నమునకు ఆఱు పడవలును స్ట్రాట్‌ఫర్డున నాటకశాల యెదుటి కొలనిలో ప్రక్కప్రక్కన చేరినవి. ఆయన తీరము దిగి, అందఱును వినునట్లు, వచ్చు ఏటి తేదీలు ఎప్పుడని అడిగిరి. ఆమె ఆయనవైపు చూచెను గాని కాదనలేదు.

కార్తికమాసమున వారి ఉత్తరము వచ్చినది. పడవను గట్టునకు ఎక్కించి అడుగున నల్లరంగు వేయించుచున్నారట. దిబ్బరొట్టెకు మినపపప్పెంత, రవ్వ యెంత అని కొలత వ్రాయుమనిరి, వ్రాసి పంపితిమి.