మబ్బును కొలిచిన పరికరం

ఉప్పునీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయగానే పాలు విరిగినట్టు తెల్లటి అవక్షేపం కడుతుంది. ఇంటర్ ప్రాక్టికల్స్ చేసినవాళ్లందరికీ ఆ సిల్వర్ క్లోరైడ్ గుర్తే. ఎంత వస్తుందో ముందే లెక్క కట్టొచ్చు. 58.44 గ్రాముల ఉప్పుకు 169.87 గ్రాముల సిల్వర్ నైట్రేట్ కావాలి, 143.32 గ్రాముల అవక్షేపం దిగుతుంది. రెండింట్లో ఏది ముందు అయిపోతే అవక్షేపం అక్కడే ఆగిపోతుంది.

ఆ 143.32 ఎవరో తూచి తెచ్చిన అంకె. తూకం తప్పితే లెక్కలన్నీ తప్పుతాయి. 19వ శతాబ్దంలో పరమాణు భారాల విషయంలో బెల్జియం రసాయన శాస్త్రవేత్త స్టాస్ మాటకు తిరుగులేదు. హార్వర్డ్‌లో థియోడర్ విలియం రిచర్డ్స్ ఆ తూకాలన్నీ మళ్లీ మొదటినుంచి చేశారు.

చిక్కంతా నీళ్లలోనే ఉంది. కరగదని మనం చదువుకున్న సిల్వర్ క్లోరైడ్ కాస్త కరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 2 మిల్లీగ్రాములు. కడిగిన ప్రతిసారీ కొంత వడపోతలోంచి జారిపోతుంది. అది త్రాసుకు అందదు. జారిపోయినదాన్ని పట్టుకోవడానికే రిచర్డ్స్ 1894 ప్రాంతంలో నెఫెలోమీటర్ తయారు చేశారు. గ్రీకులో నెఫెలె అంటే మబ్బు.

రెండు గాజు గొట్టాలు పక్కపక్కన నిలబెడతారు. ఒకదాంట్లో ఎంత వెండి ఉందో తెలిసిన మసక ద్రావణం, రెండోదాంట్లో తెలియనిది. పక్కనుంచి వెలుతురు పడితే అవక్షేపపు రేణువులు దాన్ని చెదరగొడతాయి. పైనున్న పట్టకాలు రెండు గొట్టాల కాంతినీ ఒకేచోట చూపిస్తాయి. వెలుతురు తగిలే పొడవును తొడుగులు జరిపి తగ్గిస్తూ, పెంచుతూ రెండు మసకలనూ సమానం చేస్తారు. ఆ పొడవుల నిష్పత్తి నుంచి అవక్షేపం ఎంతో తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇంకో పద్ధతి. అవక్షేపం దిగాక పైన తేరిన నీటిని రెండు భాగాలు చేస్తారు. ఒకదాంట్లో అదనంగా వెండి లవణం, రెండోదాంట్లో క్లోరైడ్ కలుపుతారు. రెండు మబ్బులూ సమానంగా కమ్మితే వెండి, క్లోరిన్ సరిగ్గా సరిపోయాయన్నమాట. ఒకటి చిక్కగా ఉంటే ఏది తక్కువైందో, ఎంత కలపాలో అదే చెబుతుంది. ఇంత ఓపికతో వెండి పరమాణు భారం 107.93 నుంచి 107.88కి దిగింది. ఈనాటి విలువ 107.87.

1914 నోబెల్ రిచర్డ్స్‌కు వచ్చింది. రసాయన శాస్త్రంలో అమెరికాకు అదే మొదటిది. ఆ రోజుల్లోనే ఆయన ప్రయోగశాలలో యురేనియం ఖనిజాల సీసాన్ని కూడా సిల్వర్ క్లోరైడ్ అవక్షేపంతోనే పరీక్షించారు. మామూలు సీసం 207.2 ఉంటే, నార్వే ఖనిజంలోది 206.08 దగ్గర తేలింది. ఒకే మూలకానికి రెండు బరువులు! ఐసోటోపులున్నాయనడానికి అది బలమైన సాక్ష్యం.

ఇప్పుడు కంటి బదులు కాంతిని పట్టే సెల్ ఉంటుంది. నీటి శుద్ధి ప్లాంట్లలో మసకను ఎన్‌టీయూల్లో కొలుస్తారు, అందులో ‘ఎన్’ నెఫెలోమీటర్ నుంచి వచ్చిందే. మన తాగునీటి ప్రమాణం 1 ఎన్‌టీయూ, వేరే నీటి వనరు లేనిచోట 5 దాకా ఒప్పుకుంటారు.