కుక్క గుర్రుమనుట ఎందులకు?

పెరుగన్నము తినుచున్న పెంపుడు కుక్క దాపునకు ఇంటి పిల్లవాడు పోగానే అది తినుట మాని, ఒడలు బిగియబట్టి, పళ్లెముమీదికి తల వంచి, కనుతెలుపు కానవచ్చునట్లు ఓరచూపు చూచుచు గుర్రుమనినచో, పెద్దలు దాని మూతిపై నొకటి వేసి, అన్నము పెట్టిన చేతినే కఱవవచ్చినదని నిందింతురు. ఈ నింద అన్యాయమని నా దృఢవిశ్వాసము. కఱవవలసిన అగత్యము కలుగకమునుపే ఎదుటివారు తొలగిపోవలెనని కోరి, కుక్క తఱచుగా ఆ ధ్వని చేయును.

పెద్ద శరీరము గల జంతువుల కంఠస్వరము సాధారణముగ మంద్రమై యుండును గనుక, ఎదుటిదానిని జంకింపదలచిన ప్రాణి తన గొంతును మంద్రముగను కర్కశముగను చేసికొనుననియు, లొంగిపోవునదియు చెలిమి కోరునదియు సన్నని స్వరము తీయుననియు 1977లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ మోర్టన్ పక్షులను, క్షీరదములను పరిశీలించి వ్రాసెను.

అయితే గుర్రులన్నియు నొక్కటి కావు. హంగరీ రాజధాని బుడాపెస్టులోని ఏట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గదిలో నొక ఎముకనుంచి, దాని వెనుక ముసుగువేసిన బోనులో స్పీకరును దాచి, ఎముకను సమీపించిన కుక్కలకు ముందుగా రికార్డు చేసిన గుర్రులను వినిపించిరి. తిండిని కాపాడుకొను కుక్క గుర్రును విన్నవి వెనుకకు తగ్గెను. అపరిచితుని బెదిరించు గుర్రును, ఆటలోని గుర్రును విన్నవి అంతగా లెక్కచేయలేదు. ఈ ఫలితము 2010లో ప్రకటితమైనది. 2017లో వెలువడిన మఱియొక పరిశోధనలో 40 మంది మనుష్యులు ఇట్టి ధ్వనులను విని, నూటికి 63 పర్యాయములు సందర్భమును సరిగా పోల్చిరి. ఆటలోని గుర్రు పొట్టిగా, వెంటవెంటనే వచ్చును. అప్పుడు కుక్క ముంగాళ్లు నేలకు వాల్చి, నడుము పైకెత్తి, ఒడలంతయు వదులుగా ఊపుచుండును.

గుర్రుమన్నందులకు కొట్టినచో భయముగాని నొప్పిగాని పోదు. ధ్వని మాత్రమే అణగిపోవును. ఏ సూచనయు లేకుండ కఱచినదని వాపోవు ఇండ్లలో కొన్నింట ఆ సూచనను దెబ్బలతో మాన్పించినవారు యజమానులే. మొఱిగే కుక్క కఱవదను సామెతను నమ్మి గుర్రును అలక్ష్యము చేయుటయు ప్రమాదమే.

చేయవలసినది స్వల్పము. చేయి వెనుకకు తీసికొని, కన్నులలోనికి తేఱి చూడక, పక్కకు తిరిగి మెల్లగా తొలగవలెను. పిల్లవానిని పిలిచి దూరముగ నుంచవలెను. తరువాతి దినములలో పెద్దవారు, అది గుర్రుమననంత దూరమునుండియే, పళ్లెములోనికి రుచిగల తునుక నొకటి విసరి పోవుచుండినచో, మనిషి వచ్చుట మేలుకేయని అది క్రమముగ గ్రహించును. ఎన్నడును గుర్రుమననిది తాకగానే గుర్రుమనినచో, చెవిలో పుండో కీళ్లనొప్పియో యుండవచ్చును గాన పశువైద్యునికి చూపవలెను. ఒకవేళ పన్ను దిగినచో, మన కుక్కయే గదా యని ఉపేక్షింపక, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. లక్షణములు బయటపడిన పిదప రేబిస్ సోకినవారు బ్రతుకుట అత్యంత దుర్లభము.