జావాలో ప్రవాహ లేఖన పఠనములు

శామీరుపేట చెఱువు వంటి చెఱువుల తూమునుండి వెలువడిన నీరు కాలువలో ఏ వరుసను బోవునో ఆ వరుసనే పొలము జేరును. జావా యను గణకభాషలో సమాచారమును వ్రాయుటయు, చదువుటయు నిట్టివే. కావుననే దానికి స్ట్రీమ్, అనగా ప్రవాహమని పేరు గలిగినది.

ఈ ప్రవాహమున బాఱునవి బైట్లు. ఒక్కొక్క బైటు 0 మొదలు 255 వఱకు గల యొక సంఖ్య. అది అంకెకు జెందినదో, అక్షరమునకు జెందినదో తెలుపు చీటి దానిపై నుండదు. 1996లో వెలువడిన జావా తొలికూర్పునందే వ్రాయుటకు డేటా అవుట్‌పుట్ స్ట్రీమ్, చదువుటకు డేటా ఇన్‌పుట్ స్ట్రీమ్ అను సాధనములు గలవు.

హాజరుపట్టీలో 45వ విద్యార్థి యూరు మేడ్చల్ అనుకొందము. రైట్‌ఇంట్ అను ఆజ్ఞ 45ను 0, 0, 0, 45 అను నాలుగు బైట్లుగా వ్రాయును. పిమ్మట రైట్‌యూటీఎఫ్ అను ఆజ్ఞ ముందుగా పేరు పొడవును రెండు బైట్లలో వ్రాసి, తరువాత పేరును వ్రాయును. ఒత్తులు, గుణింతములు వేఱుగా లెక్కింప మేడ్చల్‌లో గుర్తులు 7. గుర్తునకు 3 చొప్పున బైట్లు 21.

చదువువాడు వరుస దప్పి ముందు ఊరిని, పిదప సంఖ్యను అడిగెనేని ఏమగును? జావా మొదటి రెండు సున్నలను పొడవుగా గ్రహించి ఊరిపేరు శూన్యమనును. తరువాతి 0, 45, 0, 21లను గలిపి 29,49,141 అను సంఖ్య నిచ్చును. తప్పు జరిగినదని యొక్క మాటయైన జెప్పదు!

ఇంకొక యపాయము గలదు. రైట్‌బైట్స్ అను ఆజ్ఞ ప్రతి గుర్తునకు దిగువ బైటును మాత్రమే వ్రాసి, ఎగువదానిని విడిచిపెట్టును. ఇందువలన ఆంగ్లాక్షరములకు నష్టము లేదు. యూనికోడ్‌లో 'మ' సంఖ్య 3118. అనగా ఎగువ బైటు 12, దిగువ బైటు 46. ఆ 46 వాక్యాంతమున నుంచు చుక్క సంఖ్య. అట్లే 'డ' ఆశ్చర్యార్థకమగును, 'ల' 2 అంకె యగును. పిదప చూచువానికి అది నిజముగా చుక్కయో, పోయిన మకారమో తెలియదు.

మేడ్చల్ పరిసరములందలి ఇంజనీరింగు కళాశాలలలో నేడు జావా బోధింపబడుచున్నది. మన బాలబాలికలును రేపు అచట జేరి పట్టికలు వ్రాయు క్రమణికలను రచింపగలరు. వారికి మేము చెప్పునది రెండే మాటలు. వ్రాసిన వరుసను కాగితముపై గుర్తించి యుంచుకొని ఆ వరుసనే చదువుడు. ఆంగ్లనామముతో పరీక్షించి తృప్తి నొందక తెలుగు పేరుతోను పరీక్షింపుడు. పేరు చెడిన విద్యార్థి పట్టీలో లేనివానితో సమానుడు గదా!