వర్తకుని మాట

సంతలో కూరగాయలు అమ్మువాడు కేక వేయును. గాజులు అమ్మువాడు వీధి వెంట రాగము తీసి పిలుచును. సరకు ఎంత మంచిదైనను, అది కలదని పదిమందికి తెలియనిచో అమ్ముడుపోదు. అందుచేత వర్తకము ఎంత పురాతనమో ప్రకటనయు అంత పురాతనమే. అయితే కేకలో ఒక లోపము కలదు. అది అమ్మువాని అవసరమును తెలుపునే కాని కొనువానికి ఏమియు ఇయ్యదు. పది దుకాణములవారు ఒక్కమారుగా కేకలు వేసినచో వినువాడు చెవులు మూసికొనును. ఈ చిక్కును గ్రహించిన కొందరు వర్తకులు వేరొక త్రోవ త్రొక్కిరి. తమ సరకును గూర్చి చెప్పుటకు ముందు, వినువానికి ఉపకరించు మాట ఏదేని చెప్పసాగిరి. నేడు బ్లాగులు, పాడ్‌కాస్టులు అను పేర్లతో అంతర్జాలమున సాగుచున్న వ్యాపారరచనలలో మేలైనవి ఈ త్రోవలోనివే.

ఈ త్రోవ క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశమున ఆంద్రె మిషెలిన్, ఎదువార్ మిషెలిన్ అను అన్నదమ్ములు రబ్బరు టైర్లు తయారు చేయుచుండిరి. 1900లో ఆ దేశమునగల మోటారు బండ్లు 3,000 కూడ లేవు. బండి తిరిగిననే గదా టైరు అరుగును! టైరు అరిగిననే గదా క్రొత్తది అమ్ముడుపోవును! కాని బండ్లు గలవారు దూరప్రయాణమునకు వెనుదీయుచుండిరి. దారిలో పెట్రోలు ఎచ్చట దొరకునో, బండి చెడినచో బాగుచేయువాడు ఏ ఊర నుండునో, ప్రొద్దుగ్రుంకినచో ఎచ్చట తలదాచుకొనవలయునో వారికి తెలియదు. అన్నదమ్ములు ఈ సంగతులన్నియు కూర్చి, పటములు చేర్చి, టైరు మార్చు విధమును వివరించి, ఎర్ర అట్టతో ఒక చిన్న పుస్తకము వెలువరించిరి. 35,000 ప్రతులు అచ్చువేయించి ఉచితముగా పంచిరి. ఉన్న బండ్లకు పదిరెట్లకు మించిన పుస్తకములు! ఇరుగుపొరుగు వర్తకులు నవ్వియుందురు. కాని ఆ పుస్తకము చేతనున్నవాడు ధైర్యముగా ఊరు దాటెను. ఊరు దాటినవాని టైరు అరిగెను.

కొంతకాలమునకు ఒక వింత జరిగెనని ఆ సంస్థవారే చెప్పుదురు. ఆంద్రె ఒక టైర్ల దుకాణమునకు పోగా, అచ్చట తమ పుస్తకములు పనిబల్ల కదలకుండ దాని కాలిక్రింద పెట్టబడి యుండెనట. ఊరక వచ్చినదానికి విలువ యుండదని గ్రహించి, 1920 మొదలు వారు ఆ పుస్తకమునకు వెల నిర్ణయించిరి. 1926లో మంచి భోజనశాలలకు నక్షత్రపు గుర్తులు వేయుట మొదలిడిరి. నేడు ఆ నక్షత్రము కొరకు ప్రపంచపు పేరొందిన వంటవారు తపించుచుందురు. టైర్లు అమ్ముటకు పుట్టిన పుస్తకము పాకశాస్త్రమునకు తీర్పరి యగుట చిత్రము కాదా! ఇట్లే అమెరికాలో నాగళ్లు చేయు డీర్ సంస్థ 1895లో ‘ది ఫరో’ అను రైతుల పత్రికను ఆరంభించినది. ఆ పేరునకు నాగటిచాలు అని అర్థము.

తెలుగువారిలో ఈ మెలకువ బాగుగా ఎరిగినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో వారు బొంబాయిలో అమృతాంజనము తయారుచేయ నారంభించి, సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరి. తలనొప్పి తగ్గినవాడు ఆ మందు పేరు మరచునా? పొగడ్త చేయలేని పనిని చిటికెడు మందు చేసెను. 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసునందు దానిని దినపత్రిక గావించిరి. 1924లో భారతిని స్థాపించిరి. ఇవి మందు అమ్ముటకై పుట్టిన పత్రికలు కావు. మందు తెచ్చిన ధనము వానికి ఆధారమైనది.

పిమ్మట రేడియో వచ్చెను. అమెరికాలో సబ్బులు చేయు సంస్థలు 1930 తరువాత గృహిణుల కొరకు ధారావాహిక నాటకములను ప్రసారము చేయించెను. అందుచేతనే అట్టి నాటకములకు ఆంగ్లమున సబ్బు పేరు నేటికిని అంటియున్నది. 1952లో రేడియో సిలోన్‌నుండి మొదలైన బినాకా గీత్‌మాలా టూత్‌పేస్టు వర్తకుల పేరున సాగినను, జనులు విన్నది పాటలను, అమీన్ సయానీ కంఠమును. నచ్చిన కంఠము వెంట సరకు పేరు కూడ ఇంటిలోనికి వచ్చెను.

బ్లాగు, పాడ్‌కాస్టు ఈ వంశములోనివే. 1997లో జోర్న్ బార్గర్ అను అమెరికా దేశీయుడు తాను అంతర్జాలమున చూచిన విశేషములను వరుసగా వ్రాయుచు, ఆ వ్రాతకు ‘వెబ్‌లాగ్’ అని పేరిడెను. లాగ్ అనగా ఓడలో నావికులు వ్రాయు దినచర్య పుస్తకము. 1999లో ఆ మాట కుదింపబడి బ్లాగు అయ్యెను. పాడ్‌కాస్టు అను పదము 2004లో ఇంగ్లండునందలి గార్డియన్ పత్రికలో మొదట కనబడెను. ఐపాడ్ అను పాటల పెట్టె పేరును, బ్రాడ్‌కాస్ట్ అను ప్రసారమును కలిపి చేసిన మాట యది. రేడియో వినవలయునన్న ఆ వేళకు దాని ముందు కూర్చుండవలయును. పాడ్‌కాస్టునకు అట్టి నిర్బంధము లేదు. ఒకసారి చందాదారుగా చేరినచో క్రొత్త భాగము తనంతట తానే ఫోనునకు చేరును. పొలము గట్టుపైనను, బస్సులోనైనను తీరినపుడు వినవచ్చును. అన్నిటికంటె ముఖ్యమేమనగా, పూర్వము ముద్రణాలయమో రేడియో నిలయమో గలవానికి దక్కిన అవకాశము నేడు ఒక ఫోను గలవానికి దక్కినది.

అవకాశము అందరిదైనంత మాత్రమున నేర్పు అందరిది కాదు. ఒక గృహిణి ఆవకాయ పెట్టి అమ్మ దలచినదనుకొందము. “మా ఆవకాయ సాటిలేనిది, అద్భుతమైనది” అని ఆమె వ్రాసినచో అది సంతలోని కేకయే. పక్క దుకాణమువాడును ఆ మాటయే వ్రాయును. అట్లుగాక, “ఆవకాయ బూజు ఎందుకు పట్టును?” అను ప్రశ్న తీసికొని వ్రాసినదనుకొందము. కడిగిన కాయలను తడి లేకుండ తుడువనిచో ఏమగునో, ఉప్పు తగ్గినచో ఏమగునో, ముక్కలపై నూనె తేలుచుండుట ఎందుకవసరమో, జాడీలో తడి గరిటె ఏల పెట్టరాదో విడమరచినచో, ఆ చిక్కు గలవారందరు ఆ పుటను వెదకికొని వత్తురు. కేక గాలిలో కలియును. ఈ పుట సంవత్సరముల తరబడి నిలిచి, వెదకువారికి దొరకుచుండును. చదివినవారిలో పెక్కుమంది ఏమియు కొనరు. కొననిండు! సొంత జాడీని కాపాడుకొన్నవాడు, పెట్టుకొనుటకు తీరిక లేని ఏట ఎవరిని తలచుకొనును? పాడ్‌కాస్టులోనైనచో ఆమె పచ్చిమామిడి టెంక కత్తిపీటపై పగులు చప్పుడునే ముందు వినిపింపవచ్చును. విన్నవానికి నోరూరక మానదు. సృజన యనగా విశేషణములు పేర్చుట కాదు. ఎవరును జవాబు చెప్పని ప్రశ్నను కనిపెట్టుట, దానికి తన అనుభవములోని జవాబు చెప్పుట. ఈ పని యంత్రము చేసిపెట్టు పొగడ్తలతో తీరదు. చేయి కాలినవాడే పొయ్యి సంగతి చెప్పగలడు.

అయితే ఉపకారపు మాటకు గల బలమే దాని అపాయము. కేక వేయువాడు అమ్మకగాడని పసివానికిని తెలియును. మిత్రునివలె మాటలాడు కంఠము ఒక నూనెను మెచ్చుకొనునపుడు, అది అనుభవమో, పుచ్చుకొన్న సొమ్మో తెలియుట కష్టము. ప్రకటనకర్త పేరు పుస్తకపు అట్టమీదనే యున్న కాలమున ఈ సందేహమునకు తావు తక్కువ. నేడు సొమ్ము తీసికొని ఆ సంగతి దాచువారు కలరు. వారు మోసగించునది వినువానినే కాదు. నిజాయితీగా ఆవకాయ రహస్యము చెప్పిన గృహిణి మాటను కూడ జనులు శంకించునట్లు చేయుదురు.

అందుచేత భారతదేశపు ప్రకటనల ప్రమాణ మండలి 2021లోను, కేంద్ర వినియోగదారుల రక్షణాధికార సంస్థ 2022లోను నియమములు ఏర్పరచినవి. సొమ్ముగాని, కానుకగాని పుచ్చుకొని ఒక వస్తువును మెచ్చువాడు ఆ సంబంధమును దాచరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, తప్పుదారి పట్టించు ప్రకటనకు తొలిసారి 10 లక్షల రూపాయల వరకును, మరల చేసినచో 50 లక్షల వరకును జరిమానా విధింపవచ్చును. మెచ్చినవానిని ఒక సంవత్సరము వరకు మరి యే వస్తువును మెచ్చకుండ నిషేధింపవచ్చును. ప్రమాణ మండలి నియమము కంఠమును గూర్చి ప్రత్యేకముగా చెప్పినది: పాడ్‌కాస్టు వంటి వానిలో ఇది ప్రకటన యని మొదటను, చివరను, నడుమ విరామము వచ్చినపుడెల్ల దానికి ముందును వెనుకను, వినువానికి స్పష్టముగా వినిపింపవలయును.