మనము మెచ్చిన గొంతు – వారమ్ము సరకు

సినిమా తార సబ్బు చేతబట్టి చిరునవ్వు నవ్విన, అది వేతనమునకు నవ్విన నవ్వని నేడు పసిపిల్లలకును తెలియును. కాని పాటల పోటీలోనో, 'బిగ్ బాస్' ఇంటిలోనో వారములకొలది మనము ప్రతిరాత్రియు చూచిన యువతి వచ్చి ఆ సబ్బునే చూపినపుడు ఆ సంగతి మనకంత త్వరగా స్ఫురింపదు. ఆమె ఓడినప్పుడు మనము కంటతడి పెట్టితిమి. ఆమె నిలువవలెనని వోటు వేసితిమి. ఆమె మనకు తార కాదు, ఎదురింటి పిల్ల. వర్తకులు వెలయిచ్చి కొనుచున్నది ఈ ఎదురింటితనమునే.

ఈ వ్యాపారపు పోకడ తెలియవలెనన్న అమెరికా దేశపు 'అమెరికన్ ఐడల్' అను పాటల పోటీని చూడవలయును. అది 2002 జూన్ నెలలో ఫాక్స్ టెలివిజనులో ప్రారంభమయ్యెను. పాడువారిలో ఎవరుండవలయునో ప్రేక్షకులే టెలిఫోను వోట్లతో నిర్ణయించిరి. ఆ సెప్టెంబరులో కెల్లీ క్లార్క్‌సన్ అను టెక్సాసు యువతి తొలి విజేత యయ్యెను. న్యాయనిర్ణేతల యెదుట కోకాకోలా గ్లాసులుండెడివి, అది పాతపద్ధతియే. ఫోర్డ్ మోటారు కంపెనీవారు మరియొక అడుగు ముందుకు వేసిరి. తుదిపోటీకి చేరిన గాయనీగాయకులచే తమ కార్ల చుట్టును ఆటపాటలు చేయించి, ఆ చిత్రములను వారము వారము పోటీ నడుమనే ప్రదర్శింపజేసిరి. రేపటి వోటుకై ప్రాణములు గుప్పిట బెట్టుకొనియున్న పిల్లలు ఆ కారునకు పాటపాడిరి! ఏది పోటీయో, ఏది ప్రకటనయో గీత గీయుట చూపరుల తరమా? పోటీలో చేరునాడే ఒప్పందముపై సంతకము చేసిన యువతి, "ఈ కారు నాకు నచ్చలేదు" అని అనగలదా?

2004లో ఆ పోటీలోనే ఏడవ స్థానముతో వెనుదిరిగిన జెన్నిఫర్ హడ్సన్ కథ స్త్రీలమైన మనము విశేషముగా తెలిసికొనదగినది. ఓడిన ఆ చికాగో గాయని 'డ్రీమ్‌గర్ల్స్' అను చిత్రములో నటించి, 2007లో ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ బహుమతి నందెను. 2009లో తల్లియై, మరుసటి యేట 'వెయిట్ వాచర్స్' అను సంస్థకు ప్రచారకురాలయ్యెను. భోజనపదార్థములకు లెక్కలు కట్టి, సభలు నడపి, దేహభారమును తగ్గింప జూచు సంస్థ యది. 1963లో దానిని స్థాపించిన జీన్ నైడెచ్ న్యూయార్కు నగరపు గృహిణి. తన యింట స్నేహితురాండ్రను కూర్చుకొని మాటలాడుకొనుటతో ఆమె యీ పని ప్రారంభించెను. హడ్సన్ తాను 80 పౌండ్లు, అనగా దాదాపు 36 కిలోలు తగ్గితినని చెప్పెను. ఒక ప్రకటనలో ఆమె పూర్వపు స్థూలరూపమును నేటి సన్నని రూపమును జంటగా పాడునట్లు చూపిరి. కంఠమొక్కటియే. ఆ కంఠమునకే లోకము మునుపు చప్పట్లు కొట్టెను; అయినను ప్రకటనలో అమ్మబడినది కంఠము కాదు, నడుము.

ఆమెను నిందించుట నా యభిమతము కాదు. తన శ్రమ ఫలమును తాను చెప్పుకొనెను, కూలి పుచ్చుకొనెను. కాని ఒకరి దేహము సాక్ష్యమిచ్చినంతమాత్రమున మరియొకరి దేహమునకు పూచీ దొరకునా? బరువు తగ్గుటయే పందెముగా నడిచిన 'ది బిగ్గెస్ట్ లూజర్' అను మరియొక అమెరికను పోటీని గూర్చి శాస్త్రజ్ఞులు 2016లో ఒక పరిశోధన ప్రకటించిరి. 2009 నాటి పోటీదారులలో 14 గురిని ఆరేండ్ల తరువాత పరీక్షింపగా, 13 గురు మరల బరువెక్కియుండిరి; నలుగురైతే పోటీకి ముందున్న దానికంటెను ఎక్కువ తూగిరి. పాపము, అది వారి సోమరితనము కాదు. అంతటి దేహము గలవారికి సహజముగా ఖర్చు కావలసిన దానికంటె దినమునకు దాదాపు 500 కేలరీలు తక్కువగా వారి శరీరములు ఖర్చు చేయుచుండెను. టెలివిజనులో చప్పట్లు మ్రోగిన రాత్రి ఈ లెక్క యెవరికిని తెలియదు.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ఈ విషయమున కొంత మేలు చేసినది. మోసపుచ్చు ప్రకటనలో పలికినవారికి 10 లక్షల రూపాయల వరకు, మరల చేసిన 50 లక్షల వరకు జుల్మానా విధింపవచ్చును. ఒక యేడాది, మరల తప్పుచేసిన మూడేండ్లవరకును ఏ సరకును పొగడకుండ నిషేధింపవచ్చును. ముందుగా విచారించి నమ్మి పలికితినని నిరూపించుకొన్నవారికి ఈ జుల్మానా లేదు. సినిమా తారయైనను బిగ్ బాస్‌లో పాల్గొన్న పిల్లయైనను చట్టమొక్కటియే.

ఈ చట్టమునకు పని లేకపోలేదు. సబ్బు బాగుండకున్న పోవునది కొలదిపాటి సొమ్ము. పందెపు యాప్ నమ్మిన సంసారమే కూలును. అట్టి యాప్‌లకు ప్రచారము చేసిరను ఆరోపణపై 2025 మార్చిలో హైదరాబాదున పలువురు సినీ, టెలివిజను ప్రముఖులపై పోలీసులు కేసులు పెట్టిరి. అవి నిజమో కాదో తేల్చవలసినది న్యాయస్థానములు. ఆ ఆగస్టులోనే పార్లమెంటు సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను, వాని ప్రకటనలను గూడ నిషేధించుచు చట్టము చేసెను.

ప్రకటన నమ్మి నష్టపోయిన సోదరీమణులు 1915 అను నంబరునకు టెలిఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమువారికి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. కొన్న రసీదును మాత్రము పారవేయకుండ దాచియుంచవలయును.